నీళ్ళు కదలని చోటు

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ఆచారం ఉంది. పరిశోధన విద్యార్థి పరీక్షకుల ముందు తన పని చేసి చూపించే రోజున, గైడు అనే మనిషి వెనక గోడ దగ్గర స్టూలు మీద కూర్చుని, అంచుదాకా నీళ్ళు నింపిన బీకరు రెండు చేతులతో పట్టుకోవాలి. పని పూర్తయ్యేదాకా దించకూడదు. ఇది సరదాకి పుట్టింది కాదు, మా గైడుగారి పుణ్యం. నా పరీక్ష రోజున ఆయన నోరైతే మూసుకున్నాడు గానీ చేతులు ఊరుకోలేదు. ఎడమకి తిప్పు, ఇంకొంచెం, ఆపు అని గాలిలో ఒకటే సైగలు. ఆ మరుసటి ఏడు వచ్చిన పరీక్షకుడు ఆయన చేతికి బీకరు ఇచ్చాడు. నీళ్ళు ఒలికాయంటే గైడు సాయం చేసినట్టే లెక్క.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. పిల్లలు నా వెనక నన్ను 'కుక్కర్ మేడం' అంటారని తెలుసు. కూత వేస్తే వేస్తాను, కానీ పని మాడనివ్వను. అలాంటి నేను బీకరు పట్టుకుని కిమ్మనకుండా కూర్చోవడమంటే మాటలా? ఇన్నేళ్ళుగా ఎంతోమంది పిల్లల కోసం కూర్చున్నాను. ఒక్క చుక్క ఒలకలేదు. కానీ ఈసారి ముందు నిలబడ్డది మా కోడలు.

ఆమె నా దగ్గర చేరింది ముందు, మా ఇంట్లో చేరింది తరవాత. ఈ వరస గుర్తుంచుకోవాలి, ఎందుకంటే జనం దీన్ని తిరగేసి చెప్పుకున్నారు. ఆమె నా విద్యార్థిగా వచ్చింది. మావాడు సాయంత్రాలు నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చేవాడు. వచ్చినవాడు నా పని పూర్తయినా కదిలేవాడు కాదు. వాడికి మైక్రోస్కోప్ మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో నాకు అర్థమయ్యేసరికి ఇద్దరూ పెళ్ళి మాట దాకా వచ్చేశారు. నేను రెండే షరతులు పెట్టాను. ల్యాబులో నన్ను 'మేడం' అనాలి, పొరపాటున కూడా 'అత్తయ్యా' అనకూడదు. ఇంట్లో అన్నం దగ్గర బాక్టీరియా మాట ఎత్తకూడదు. మొదటి షరతు ఈ పరీక్ష దాకా ఆమె ఏనాడూ తప్పలేదు. రెండోది నేనే రోజూ తప్పేదాన్ని.

పక్క ల్యాబు ప్రొఫెసరుగారు ఒకాయన ఉన్నాడు. సన్నాయి నొక్కులు నొక్కడంలో ఆయన్ని మించినవాడు లేడు కాబట్టి మేమంతా 'సన్నాయి సారు' అంటాం. "ఇంట్లోనే గైడు ఉంటే ఇంకేం కావాలి లెండి, పట్టా వంటింట్లోనే తయారవుతుంది" అని ఆయన ఒకరోజు టీ దగ్గర అన్నాడు. అంతే, నలుగురూ చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. 'అత్తగారి పట్టా' అనే మాట మెట్ల మీద, క్యాంటీనులో, ఆఖరికి ఆఫీసు గుమస్తా నోట కూడా నా చెవిన పడింది. నేను అగ్గి మీద గుగ్గిలమై సన్నాయి సారు గదికి బయల్దేరితే కోడలు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీరు వెళ్ళి అరిస్తే నిజమే అనుకుంటారు మేడం. నా పని నేనే చేసి చూపిస్తా. అప్పుడేమంటారో చూద్దాం."

దాంతో ఆమె తనంతట తానే అడిగి బయటి ఊరి నుంచి పరీక్షకుణ్ణి రప్పించుకుంది. ఆయన ఈ విద్యలో తలపండినవాడు. ఎవరి మొహమాటానికీ లొంగడు. ఆయన "కాదు" అంటే ఇక అంతే, మరో మాట ఉండదు. ఆమె చేసిన పనంతా గాలికి పోతుంది, 'అత్తగారి పట్టా' మాత్రం జన్మంతా అంటుకుని ఉంటుంది.

పని ఏమిటో చెప్పాలి. మా డిపార్ట్‌మెంట్ ఆసుపత్రికి ఆనుకుని ఉంటుంది. ఆపరేషన్ అయిన రోగికి మూత్రం పోవడానికి సన్నని గొట్టం పెడతారు. బాక్టీరియా ఆ గొట్టానికి అంటుకుంటే జ్వరం, నొప్పి, నానా యాతన. అసలు అవి ఎందుకు అంటుకుంటాయి? దాదాపు ప్రతి బాక్టీరియా ఒంటి మీదా కొంత విద్యుత్తు ఉంటుంది, ఎక్కువగా రుణ విద్యుత్తు. గొట్టం మీదా రుణమే ఉంటే రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఎంత విద్యుత్తు ఉందో తెలుసుకోవడానికి మేము వాటిని సన్నని గాజు చాంబర్‌లో, నీళ్ళలో వదిలి, రెండు చివర్లా కరెంటు పెడతాం. రుణం ఉన్నది ధన ధ్రువం వైపు ఈదుతుంది. ఎంత వేగంగా పోతే ఒంటి మీద అంత విద్యుత్తు ఉన్నట్టు. దీన్ని విద్యుదావేశం అంటామని మొదటి పాఠంలో చెప్పగానే పిల్లలు నా వైపు చూసి నవ్వుకోవడం మామూలే.

మా ఆసుపత్రిలో ఒక మొండి రకం ఉంది. దాని ఒంటి చుట్టూ మెత్తటి తొడుగు ఉంటుంది. గొట్టానికి ఇట్టే పట్టేస్తుంది. దాని మీద అసలు విద్యుత్తే లేదని అందరూ అనుకునేవాళ్ళు. కోడలు మాత్రం "ఉంది, చాలా కొంచెం, కానీ ఉంది" అంది. ఆ కొంచెమే ఆమెకు ప్రాణం. ఎందుకంటే అది ఉంటే, గొట్టానికి ఇంకాస్త రుణం పట్టించి దాన్ని దూరం నెట్టవచ్చు. అలాంటి పూత కూడా ఆమె తయారుచేసింది. తొడుగు మీద ఉన్నది సున్నా అయితే ఆ పూతకు అర్థమే లేదు.

ఇప్పుడు ఈ కొలతలోని చిక్కు. కరెంటు పెట్టగానే బాక్టీరియా ఒక్కటే కదలదు, నీళ్ళు కూడా కదులుతాయి. గాజు గోడను ఆనుకున్న నీళ్ళు రుణ ధ్రువం వైపు జారతాయి. చాంబర్ రెండు చివర్లా మూసి ఉంటుంది కాబట్టి, ఆ నీళ్ళే మధ్యలో నుంచి వెనక్కి తిరిగొస్తాయి. ఈ రెంటి నడుమ ఒక పల్చటి మట్టం ఉంటుంది. అక్కడ నీళ్ళు కదలవు. చాంబర్ మందంలో, అంటే కింది గోడకూ పై గోడకూ మధ్య ఉన్న దూరంలో, ఇంచుమించు ఐదో వంతు లోపలికి వెళ్తే అది దొరుకుతుంది. పైన ఒకటి, కింద ఒకటి. అక్కడ చూసిన వేగమే నిజం. మిగతా ఎక్కడ చూసినా మనల్ని నీళ్ళు మోసం చేస్తాయి. మైక్రోస్కోప్ ఫోకస్ తిప్పే చక్రం మీద ఆ మట్టానికి నేను ఎప్పుడో ఎర్రటి గోళ్ళరంగుతో ఒక గీత పెట్టాను. నా పిల్లలందరూ చాంబర్ అడుగు నుంచి మొదలుపెట్టి ఆ గీత దగ్గర ఆపుతారు.

పరీక్షకు కొద్ది వారాల ముందు ఆ పాత చాంబర్ పగిలింది. ఎవరి చేతిలో అంటారా? నా చేతిలోనే. దాన్ని వేరే ఎవరినీ కడగనివ్వను, అదో పట్టు నాకు. గాజుపని చేసే ఆయన్ని పిలిచి "అచ్చం ఇలాంటిదే చెయ్యవయ్యా" అన్నాను. చేసి ఇచ్చాడు. చూడటానికి అచ్చం అలాగే ఉంది. కోడలి చేతిలో పెట్టి, నా గోలలో నేను పడిపోయాను.

పరీక్ష రోజు గది కిటకిటలాడింది. మైక్రోస్కోప్‌కి కెమెరా తగిలించి, గోడ మీద తెర పెట్టారు. సన్నాయి సారు ముందు వరసలోనే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పరీక్షకుడు బక్కపల్చటి పెద్దాయన, లావుపాటి కళ్ళజోడు. నాకు నమస్కారం పెట్టి, బీకరు తానే నింపి చేతికిచ్చాడు. "పట్టుకోండమ్మా. మీ గైడుగారి సంగతి మా దాకా వచ్చింది" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వొచ్చే స్థితి లేదు.

మొదట మామూలు రకం పెట్టింది. కరెంటు ఇచ్చింది. తెర మీద తెల్లటి చుక్కలు కుడివైపు, ధన ధ్రువం వైపు, హాయిగా ఈదుకుంటూ పోయాయి. పెద్దాయన తల ఊపాడు. తరవాత చాంబర్ కడిగి, మొండి రకం నింపి, మట్టం సరిచేసి పెట్టుకుంది.

"కరెంటు పెట్టకముందు నన్నొకసారి చూడనీ అమ్మా. తెర మీద కాదు, కంటితో" అన్నాడు పెద్దాయన. కళ్ళజోడు తీసి, వంగి, అటూ ఇటూ చక్రం తిప్పుకుని చూశాడు. "బాగున్నాయి" అని వెళ్ళి కూర్చున్నాడు.

కరెంటు పెట్టింది. చుక్కలు ఎడమవైపుకి పోయాయి.

గదిలో గుసగుసలు. "వైర్లు తారుమారయ్యాయేమో చూసుకోమ్మా" అన్నాడు సన్నాయి సారు, ఎంతో జాలిగా. ఇంకెవరో వెనకనుంచి కిసుక్కుమన్నారు. నాకు అర్థమైపోయింది. పెద్దాయన కళ్ళజోడు తీసి చూశాడు, తన కంటికి సరిపోయేలా చక్రం తిప్పేశాడు, ఇప్పుడు మనం చూస్తున్నది గోడ పక్క నీళ్ళని! చాంబర్ నిండా చుక్కలే కాబట్టి మట్టం మారినా బొమ్మ స్పష్టంగానే ఉంటుంది, తెర చూసి ఎవరూ కనిపెట్టలేరు. చక్రం, చక్రం చూడవే తల్లీ అని నా గొంతు దాకా వచ్చింది. పళ్ళు బిగపట్టాను. బీకరులో నీళ్ళు వణికాయి.

ఆమె వైర్ల జోలికి పోలేదు. వెనక్కి తిరిగి నన్ను చూడనూ లేదు. కరెంటు ఆపింది. చక్రం తిప్పి చాంబర్ అడుగు గోడ దాకా వెళ్ళింది. గోడకు అంటుకున్న ఒకటీ అరా చుక్కలు తెర మీద స్పష్టమయ్యాయి. అక్కడినుంచి మొదలు. హమ్మయ్య అనుకున్నాను. నేర్పింది నేనే కదా! కరెంటు పెట్టి మెల్లగా పైకి వస్తోంది. ఎడమకి పరిగెత్తే చుక్కలు నెమ్మదించాయి. ఇంకా నెమ్మదించాయి. ఆమె మణికట్టు తిరిగే తీరు చూస్తే చాలు, ఎర్రగీత ఎక్కడొస్తుందో నాకు తెలుస్తుంది. వచ్చింది. చుక్కలు ఆగిపోయాయి. అటూ లేదు, ఇటూ లేదు. నిలబడ్డాయి.

అంటే సున్నా. ఆ కొంచెం కూడా లేదు. పోనీలే, సున్నా అయితే సున్నా, నిజం ఒప్పుకుని ఆపు, తలెత్తుకుని బయటికి రా అనుకున్నాను.

ఆమె ఆగలేదు. గీత దాటి ఇంకా తిప్పింది.

అయ్యయ్యో! ఇదేం పని? కావలసిన జవాబు వచ్చేదాకా మట్టం మార్చుకుంటూ పోతే దాన్ని కొలత అంటారా? దొంగలెక్క అంటారు! నా కోడలు, నా విద్యార్థి, ఇంతమంది ముందు దొంగలెక్క చూపిస్తోందా? ఒక్క అరుపు అరిస్తే ఆగుతుంది. అక్కడే ఆపు అంటే చాలు. నోరు తెరిచాను కూడా. బీకరు అంచున నీళ్ళు ఉబ్బి నిలబడ్డాయి. ఒక్క చుక్క ఒలికినా అత్త సాయం చేసిందంటారు, ఒలకకపోతే కోడలు మునుగుతుంది. ఇంతకాలం నా మాట ఒక్కటీ జవదాటని పిల్ల అది. చూడకుండా చెయ్యదు, తొందరపడదు. ఏమో, నాకు తెలియనిదేమైనా ఉందేమో. తెరిచిన నోరు మూసుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

తెర మీద చుక్కలు కుడివైపుకి కదిలాయి. చాలా మెల్లగా, కానీ కదిలాయి. అక్కడ ఆపి చేతులు తీసేసింది.

పెద్దాయన లేచాడు. గొంతు గట్టిపడింది. "నీక్కావలసిన చోట ఆపావా అమ్మా? ఆ చక్రం మీద ఎర్రగీత ఒకటుంది. దాన్ని దాటొచ్చావు. నేను గమనించలేదనుకోకు."

ఆమె నీళ్ళు నమలలేదు.

"ఆ గీత పాత చాంబర్‌ది సార్. అది పగిలింది. ఇది కొత్తది, దానికన్నా మందం. నీళ్ళు ఆగే మట్టం ఇంకాస్త లోపలికి ఉంటుంది. నా మాట నమ్మొద్దు, మీరే కొలవండి. అడుగు గోడ మీద ఫోకస్ చెయ్యండి, పై గోడ మీద చెయ్యండి, మధ్య ఎంతుందో లెక్క మీరే వెయ్యండి. కింది మట్టంలో ఒకసారి, పై మట్టంలో ఒకసారి వేగం చూడండి. రెండూ కలవకపోతే నేను చెప్పింది తప్పని ఇక్కడే ఒప్పుకుంటాను."

పెద్దాయన ఈసారి కళ్ళజోడు తీయలేదు. తానే కొలిచాడు, కాగితం మీద లెక్క వేశాడు, మళ్ళీ కొలిచాడు. కింది మట్టంలో చుక్కలు మైక్రోస్కోప్‌లో కనిపించే గళ్ళలో ఒక గడి దాటడానికి పట్టిన సమయం చూశాడు. పై మట్టానికి వెళ్ళి చూశాడు. తరవాత ఎర్రగీత దగ్గరా చూశాడు, దాని జోడీ అనుకున్న పై మట్టంలోనూ చూశాడు. ఆ రెంటికీ పొంతన లేదు. ఆమె మట్టాలు రెండూ మాత్రం అచ్చుగుద్దినట్టు కలిశాయి.

"ఉంది" అన్నాడు ఆయన. "కొంచెమే. కానీ ఖాయంగా ఉంది." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇందాక చుక్కలు ఎడమకి పోయింది నా పుణ్యమే. కళ్ళజోడు తీసి చక్రం తిప్పేశాను. ఆ సంగతి నీకు అప్పుడే తెలుసు కదూ? చెప్పలేదేం?"

"మీరు తిప్పారంటే సాకు చెప్తున్నా అనుకుంటారు సార్. అడుగునుంచి మొదలుపెడితే ఎవరు తిప్పినా ఒకటే కదా."

పెద్దాయన నవ్వేశాడు. గదిలో గాలి తేలికపడింది. అప్పుడు వినిపించింది సన్నాయి నొక్కు.

"చాంబర్ మందం సంగతి మేడంగారు ముందే చెప్పి ఉంటారు లెండి. అనుభవం మరి."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "మీకు తెలుసా అమ్మా? కొత్త చాంబర్ మందం అని?"

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. ఈ డిపార్ట్‌మెంట్‌లో ఇన్నేళ్ళలో నా నోటి నుంచి ఎవరూ వినని మాట ఒకటుంది. మా ఆయన బతికున్నంతకాలం వినలేదు, మావాడు పుట్టిందగ్గర్నుంచీ వినలేదు. ఏం అడిగినా నా దగ్గర జవాబు ఉండాల్సిందే, లేకపోతే అరిచైనా కప్పేసేదాన్ని. స్టూలు మీంచి లేచి నిలబడ్డాను.

"నాకు తెలియదు!" అన్నాను. గది చివరిదాకా వినపడేలా, కూత వేసినట్టే అన్నాను. "చాంబర్ పగలగొట్టింది నేను, కొత్తది చేయించింది నేను, కొలవనిది కూడా నేనే. ఎర్రగీత దగ్గర ఆగమని అరవబోయాను. నేనైతే అక్కడే ఆపి, సున్నా అని రాసి, ఇంటికెళ్ళి పడుకునేదాన్ని. సన్నాయి సారూ, మళ్ళీ వినండి. నాకు తెలియదు. ఆ అమ్మాయికి తెలుసు."

ఆవేశంలో రెండు చేతులూ చాచాను. బీకరు నీళ్ళన్నీ నా చీర మీద, పెద్దాయన బూట్ల మీద.

"పరవాలేదు, పరీక్ష అయిపోయింది" అన్నాడు ఆయన, బూట్లు విదిలించుకుంటూ. కోడలు పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి ఖాళీ బీకరు తీసుకుంది. "అయ్యో, తడిసిపోయారు అత్తయ్యా" అంది. ల్యాబు నడిమధ్యలో, అందరి ముందు, అత్తయ్యా అంది. ఇంకో రోజైతే చెడామడా తిట్టేదాన్ని. ఆ రోజు నా చెవులకి ఎంత హాయిగా ఉందో!

సాయంత్రం ఇంటి దగ్గర మావాడు మురిసి ముక్కలవుతూ ఆ కథే నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. నేను చీర మార్చుకుని వచ్చి కోడలి ఎదురుగా కూర్చున్నాను. సంతోషం సంతోషమే, కోపం కోపమే.

"ఏమే, మందం సంగతి నాకెందుకు చెప్పలేదు? గుండాగి చచ్చేదాన్ని అక్కడ!"

ఆమె కంచంలోంచి తలెత్తలేదు. "చెప్తే మీరు ఊరుకునేవారా అత్తయ్యా? అప్పటికప్పుడు వచ్చి మీరే కొలిచేవారు. అప్పుడది మీ లెక్క అయ్యేది. ఎవరైనా అడిగితే మీరు తెలుసని అబద్ధం చెప్పరు, తెలియదని చెప్పాల్సి వస్తే..." అని ఆగిపోయింది.

"వస్తే?"

"చెప్తారని నమ్మాను. అంతే."

మావాడు నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగే వంకన లేచాడు. నాకు మాట రాలేదు. నాకు! మాట రాలేదు! నన్ను ఇంత నమ్మిన మనిషి ఇంకెవరున్నారు గనక?

మర్నాడు పొద్దున్నే గోళ్ళరంగు సీసా పట్టుకుని ల్యాబుకు వెళ్ళాను. నీలం రంగు, కొత్తది. ఆమె అప్పటికే వచ్చి చాంబర్ కడుగుతోంది. దాన్ని ఆమె కడుగుతుంటే నేనేమీ అనలేదు, గమనించండి. దూదిని రంగు చెరిపే మందులో తడిపి చక్రం మీద ఎర్రగీత నా చేత్తో నేనే తుడిచేశాను. సీసా ఆమె ముందు పెట్టాను.

"నీ గీత నువ్వు పెట్టుకో. ఇకమీదట పిల్లలందరూ దాని దగ్గరే ఆపుతారు."

ఆమె సీసా చూసింది, నన్ను చూసింది. మూత తీయకుండానే వెనక్కి జరిపింది.

"వద్దు మేడం. గీత ఉంటే ఎవరూ కొలవరు."

ఎంత మాటందో చూడండి! నా ల్యాబులో, నా చక్రం ముందు నిలబడి, నాకే చెబుతోంది! పళ్ళు పటపటలాడించి తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడే కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు లోపలికొచ్చారు. వాళ్ళలో ఒకామె చక్రం వంక చూసి, "మేడం, ఎక్కడ ఆపాలో గీత లేదేంటి?" అని అడిగింది.

"నాకు తెలియదమ్మా" అన్నాను. ఆ మాట రెండోసారి ఇంకా బాగుంది నోటికి. "అదిగో, మా కోడలున్నారు. వెళ్ళి అడుగు, నేర్పిస్తారు."